నవ్వే ఆడవాళ్లున్న చోట తినకూడదట

అందమైన ఆడవాళ్లు నవ్వుతూ కూర్చున్న రెస్టారెంట్లో తిండి బాగుండదట. టైలర్ కోవెన్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు 2012లో వచ్చిన తన ‘ఏన్ ఎకనామిస్ట్ గెట్స్ లంచ్’ పుస్తకంలోనూ, అదే ఏడాది ‘ది అట్లాంటిక్’ పత్రికకి రాసిన వ్యాసంలోనూ బయట తినేవాళ్ల కోసం చెప్పిన సూత్రాల్లో ఇదొకటి. ఆయన తర్కం ఇలా నడుస్తుంది: అలాంటి ఆడవాళ్లు వచ్చే చోటికి మగవాళ్లు తిండి ఎలా ఉన్నా వస్తారు, కాబట్టి యజమానికి వంట మీద శ్రద్ధ పెట్టాల్సిన అవసరం తగ్గిపోతుంది.

మొదటిసారి చదివినప్పుడు నేనూ నవ్వాను. తర్వాత సాహిత్య విద్యార్థిని అలవాటు కొద్దీ మళ్లీ చదివాను. ఈ సూత్రంలో ఆడవాళ్లు ఏమీ తినరు. వాళ్లకి నాలుక ఉన్నట్టు, ఉప్పు ఎక్కువైందనో పులుపు చాల్లేదనో అనగల శక్తి ఉన్నట్టు ఆ తర్కంలో ఎక్కడా లేదు. వాళ్లు గుమ్మం దగ్గర వేలాడే దీపాల్లాంటి వాళ్లు. తినేవాడు మగవాడు, మోసపోయేది మగవాడు, జాగ్రత్త చెప్తున్నది కూడా మగవాడికే. ఇంతకీ ఆ ఆడవాళ్లు ఎందుకు నవ్వుతున్నారు? ఈ ప్రశ్న ఆయనకి తట్టలేదు. నాకు మాత్రం జవాబు వెంటనే తట్టింది. ఆ పూట వంట వాళ్లు చెయ్యలేదు, అందుకు.

ఇంత చిన్న సూత్రం పట్టుకుని వ్యాసం రాయడం ఎందుకని అడగొచ్చు. కోవెన్ పనిచేసే జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం వర్జీనియా రాష్ట్రంలో, వాషింగ్టన్ నగరానికి పడమటి శివార్లలో, ఫెయిర్‌ఫాక్స్‌లో ఉంది. ఆ చుట్టుపక్కల ఉన్న వియత్నామీ, కొరియన్, ఇథియోపియన్, సాల్వడోరన్, భారతీయ తిండి చోట్ల గురించి ఆయన చాలా ఏళ్లుగా ఒక గైడ్ రాస్తూ వచ్చాడు. డాక్టరేట్ అయ్యాక భర్త ఉద్యోగం వెంట నేను చేరింది ఆ శివార్లకే. మొదటి మూడేళ్లు నా వీసా మీద పనిచేసే అనుమతి లేదు. లైబ్రరీ ఉంది, నడవడానికి కాలిబాట కూడా సరిగా లేని రోడ్లున్నాయి, ఆ రోడ్ల పక్కన చవగ్గా తినగలిగే ఈ చోట్లు ఉన్నాయి. అమెరికా నాకు ముందుగా పరిచయమైంది వాటి బల్లల మీదే. కాబట్టి ఈ పుస్తకాన్ని పొరుగింటావిడ రాసిన నవల చదివినంత ఆసక్తితో చదివాను.

పుస్తకంలో మంచి సంగతులు లేకపోలేదు. అన్నిటికన్నా మంచిది, నగరం నడిబొడ్డు వదిలి స్ట్రిప్ మాల్‌కి వెళ్లమనడం. స్ట్రిప్ మాల్ అంటే మన షాపింగ్ మాల్ కాదు. పెద్ద రోడ్డు పక్కన ఒకే కప్పు కింద వరసగా పది పదిహేను దుకాణాలు, ముందు కార్లు నిలిపే ఖాళీ స్థలం. బట్టలు ఉతికే దుకాణం, పన్నులు కట్టించే ఆఫీసు, గోళ్లకి రంగులేసే సెలూను, వాటి మధ్య ఇరుకైన ఒక తిండి చోటు. అద్దె తక్కువ కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు ధైర్యం చేసి దుకాణం పెట్టగలరు, తమవాళ్ల నాలుకకి తగ్గట్టు వండగలరు, నష్టమొచ్చినా పూర్తిగా మునిగిపోరు. నగరంలో బల్ల అద్దె చెల్లించడానికే అందరికీ నచ్చేలా వండాలి. ఇది కోవెన్ చెప్పే మాట. నేను చూసినంతలో నిజం కూడా.

అయితే అద్దె అనేది దానంతట అది పెరిగి తగ్గే వాతావరణం కాదు కదా. సైగాన్ పతనమయ్యాక వచ్చిన వియత్నామీ కుటుంబాలు 1970ల చివర్లో ఆర్లింగ్టన్‌లోని క్లారెండన్‌లో దుకాణాలు తెరిచాయి. అప్పుడక్కడ మెట్రో రైలు పనులు జరుగుతున్నాయి. తవ్విన రోడ్లు, దుమ్ము, పాత వ్యాపారాలు వెళ్లిపోయి ఖాళీ అయిన గదులు. అందుకే అవి చవకకి దొరికాయి. 1979 డిసెంబరులో స్టేషను తెరిచారు. అద్దెలు పెరిగాయి. ‘లిటిల్ సైగాన్’ అని పేరు తెచ్చుకున్న ఆ వీధి నుంచి దుకాణాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి, చాలామంది ఫాల్స్ చర్చ్‌లోని సెవెన్ కార్నర్స్‌కి తరలిపోయారు. అక్కడ 1984లో మొదలైన ఈడెన్ సెంటర్ ఇప్పుడు నూరుకి పైగా దుకాణాలున్న వియత్నామీ బజారు. దాని పేరు సైగాన్‌లోని ఒక పాత బజారుది. గడియార స్తంభం బెన్ థాన్ మార్కెట్‌ని తలపిస్తుంది. పసుపు మీద మూడు ఎర్ర చారల జెండా, ఇప్పుడు ప్రపంచ పటంలో లేని దేశానిది, అక్కడ ఇంకా ఎగురుతుంది. ఆర్లింగ్టన్‌లో ‘ఫో 75’ అనే చోటు ఉంది. ఫో అంటే ఎముకలు గంటల తరబడి మరిగించిన పులుసులో బియ్యపు సేమ్యా. ఆ 75 అనేది 1975. తిండి పేరులోనే పారిపోయి వచ్చిన సంవత్సరాన్ని పెట్టుకున్నవాళ్లు వాళ్లు. ఈ చరిత్ర తెలియకుండా ‘శివార్లలో తిండి చవక’ అంటే, చవక ఆ నేలలో పండినట్టు వినిపిస్తుంది.

ఇక అసలు సంగతి. కోవెన్ సూత్రాల్లో మరొకటి, నేరుగా చెప్పాలంటే, రెస్టారెంటు పనివాళ్ల శ్రమని దోచుకోమన్నది. వ్యంగ్యంగానే అంటాడు, కానీ వెనకున్న తర్కం వ్యంగ్యం కాదు. కుటుంబాలు నడిపే ఆసియా రెస్టారెంట్లు ఎందుకు చవక? ఇంటివాళ్లే వంటగదిలో, బల్లల దగ్గర తక్కువ జీతానికి, ఒక్కోసారి అసలు జీతం లేకుండా పనిచేస్తారు కాబట్టి. కాబట్టి తెలివైన తిండిమనిషి అలాంటి చోట్లు వెతుక్కోవాలి.

ఈ సూత్రం చదివి చాలామంది కోపం తెచ్చుకున్నారు. నాకు మాత్రం కోపంతో పాటు ఒక రకమైన కృతజ్ఞత కలిగింది. రెస్టారెంట్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఈ సంగతిని ప్రేమ అంటారు, తరతరాల సంప్రదాయం అంటారు, అమ్మమ్మ రహస్యం అంటారు. ఈయన జీతం లేని పని అన్నాడు. ముసుగు లేకుండా అన్నాడు. మనం నలభై ఏళ్లుగా ఇంటి వంటగది గురించి చెప్తున్న మాటనే ఒక మార్కెట్‌వాది చెప్పాడు, కాకపోతే మనం దాన్ని అభియోగంగా చెప్తే ఆయన చిట్కాగా చెప్పాడు.

కానీ అంత నిజాయితీపరుడు కూడా ‘కుటుంబం’ అనే మాట దగ్గర ఆగిపోయాడు. కుటుంబంలో ఎవరు? గల్లా దగ్గర ఎవరు, గిన్నెల దగ్గర ఎవరు, బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉంది, దుకాణం అమ్మేసిన రోజున ఎవరి వాటా ఎంత? ఆ మాట చెప్పగానే ఈ ప్రశ్నలన్నీ మూసుకుపోతాయి. ఇది ఒక్క కోవెన్ లోపం కాదు. కనీస వేతనాలు, పని గంటలు నిర్ణయించే 1938 నాటి అమెరికా సమాఖ్య చట్టంలోనే ఒక వెసులుబాటు ఉంది. యజమాని, అతని భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, అలాంటి దగ్గరి కుటుంబ సభ్యులు మాత్రమే నిత్యం పనిచేసే దుకాణాన్ని ఆ చట్టం నిర్వచనంలో ‘సంస్థ’గా లెక్కించరు. పదహారేళ్లలోపు పిల్లలు తల్లిదండ్రుల సొంత వ్యాపారంలో ప్రమాదం లేని పనులు చెయ్యడానికి బాలకార్మిక నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. అంటే భార్య పన్నెండు గంటలు పొయ్యి ముందు నిలబడినా చట్టం కంటికి అక్కడ జరుగుతున్నది కాపురమే. మన దేశంలో పొలం పనిచేసే ఇంటి ఆడవాళ్లని లెక్కల్లో ఎలా రాస్తారో ఎరిగిన పాఠకులకి ఇందులో వింతేమీ కనిపించదు.

రెస్టారెంటు సమీక్షని సాహిత్యంగా చదవాలంటే జొనాథన్ గోల్డ్‌ని వదలకూడదు. లాస్ ఏంజెలస్ శివార్లలోని చిన్న చిన్న వలస తిండి చోట్ల గురించి రాసి, 2007లో విమర్శకి పులిట్జర్ బహుమతి అందుకున్నాడు. తిండి విమర్శకుడికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. 2018లో చనిపోయాడు. ‘కౌంటర్ ఇంటెలిజెన్స్’ అనే ఆయన సంకలనం 2000లో వచ్చింది. కోవెన్ కన్నా చాలా మంచి రచయిత, వండేవాళ్ల పట్ల చాలా ఎక్కువ గౌరవం ఉన్నవాడు. 2015లో ఆయన మీద తీసిన ‘సిటీ ఆఫ్ గోల్డ్’ చిత్రంలో ఇథియోపియన్ రెస్టారెంటు నడిపే జెనెట్ అగొనాఫెర్ లాంటి స్త్రీలు మాట్లాడతారు. ఆయన సమీక్ష తమ దుకాణానికి ఏం చేసిందో వాళ్ల నోటే వింటాం. ఆ భాగాలు నాకు చాలా ఇష్టం.

గోల్డ్ శైలిలో అందరూ గుర్తుపట్టే లక్షణం, పాఠకుణ్ణి ‘యూ’ అని సంబోధిస్తూ రాయడం. తలుపు తోసేది యూ, కారానికి చెమట పట్టేది యూ. ఇంగ్లిష్‌లో అది ఆహ్వానంలా ఉంటుంది. తెలుగులోకి తేబోతే రెండు చిక్కులొచ్చాయి నాకు. మొదటిది, నువ్వు అనాలా మీరు అనాలా. ఇది తేలిగ్గానే తెగుతుంది, మన పత్రికా పాఠకులకి ‘మీరు’. రెండోది తెగదు. వంటగదిలో ఉన్నామెని ఏమనాలి? ‘ఆవిడ వండుతారు’ అంటే గౌరవం, ‘ఆమె వండుతుంది’ అంటే మన క్రియ ఆమెనీ ప్రెషర్ కుక్కర్‌నీ ఒకే గాట కట్టేస్తుంది. అతను ‘వండుతాడు’, ఆమె ‘వండుతుంది’, కుక్కర్ ‘వండుతుంది’. అనువాదం చేస్తుంటే గానీ నాకు ఒకటి కనబడలేదు. ఆ సమీక్షల్లో ఎక్కువ భాగం తినే ‘మీరు’కీ తిండికీ మధ్యే నడుస్తాయి, వండేమనిషికి ప్రథమ పురుషలో ఒక వాక్యమో రెండు వాక్యాలో దొరుకుతాయి, అవీ చాలాసార్లు ఆమె నవ్వు గురించో ఆమె మొండితనం గురించో.

పరాయివాళ్ల తిండి తినడంలో ఉన్న రాజకీయాలని స్త్రీవాదులు ముందే పట్టుకున్నారు. బెల్ హుక్స్ 1992లో ‘బ్లాక్ లుక్స్’ పుస్తకంలోని ‘ఈటింగ్ ది అదర్’ వ్యాసంలో, తెల్ల సంస్కృతి తన చప్పదనం పోగొట్టుకోడానికి పరాయితనాన్ని మసాలాగా వాడుకుంటుందని వాదించింది. లీసా హెల్డ్‌కీ ‘ఎగ్జాటిక్ ఎపటైట్స్’లో (2003) తనలాంటి తెల్లజాతి తిండి సాహసికుల్నే పరీక్షకి పెట్టింది: కొత్తదనం మీద యావ, ‘అసలైన’ రుచి మీద యావ, ఎవరూ కనిపెట్టనిది తాను కనిపెట్టానన్న గర్వం. నిజమే అంతా. కానీ ఈ చర్చ ఒక హద్దు దాటాక నాకు విసుగొస్తుంది. తినేవాళ్ల అపరాధ భావం కూడా తినేవాళ్ల కథే. వండేవాళ్లు అక్కడా గోడ అవతలే ఉంటారు.

ఈ విసుగుకి నాకన్నా ముందే మాటలిచ్చింది ఉమా నారాయణ్. భారతదేశంలో పుట్టి అమెరికాలో తత్వశాస్త్రం చెప్పిన ఈమె ‘ఈటింగ్ కల్చర్స్’ అనే వ్యాసంలో హెల్డ్‌కీ ముందటి వాదనలకి జవాబు చెప్తూ, వలస వచ్చినవాళ్లకి ఆ రెస్టారెంట్లు జీవనాధారమనీ, పరాయి తిండి తినకుండా మడి కట్టుకునే సమాజం కన్నా తినే సమాజమే నయమనీ గుర్తు చేసింది. కులాల వారీగా పంక్తులు, మంచినీళ్ల గ్లాసులు విడదీసిన దేశం నుంచి వచ్చినవాళ్లకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. ముట్టుకుంటే మైలపడే చోట, ముట్టుకుని తినడం చిన్న విషయం కాదు. కృష్ణేందు రే ‘ది ఎత్నిక్ రెస్టారెటర్’లో (2016) ఇంకో మెట్టు దిగి లెక్కల్లోకి వెళ్లాడు. జగాట్ గైడ్లలోని సగటు భోజన ధరలు తీసుకుని, ఫ్రెంచి, జపనీస్ తిండికి పలికే ధర చైనీస్, భారతీయ తిండికి ఎందుకు పలకదని అడిగాడు. పెట్టే శ్రమలో తేడా వల్ల కాదు. ఆ తిండి తెచ్చినవాళ్లకి ఈ దేశంలో ఉన్న అంతస్తు వల్ల. పేదవాళ్లుగా వలస వచ్చినవాళ్ల వంట పది డాలర్లు దాటితే జనానికి మోసపోయినట్టు అనిపిస్తుంది.

రే చెప్పిన అంతస్తు లెక్కలో జెండర్ పాత్ర అతను రాసినదాని కన్నా పెద్దదని నా అనుమానం. అమ్మ చేసే వంటలా కనిపించే తిండికి ధర తక్కువ, షెఫ్ చేసే వంటలా కనిపించే తిండికి ధర ఎక్కువ. మనకి తెలిసిన సంగతే ఇది. రోజూ వండేది ఆడవాళ్లయినా గొప్ప వంటకి మనం పెట్టుకున్న పేరు నలభీమ పాకం. ద్రౌపదికి దక్కిన కీర్తి అక్షయపాత్రది. దాని షరతు ఏమిటో గుర్తుందిగా? ఆమె తినేదాకానే అందులో తిండి ఉంటుంది. అందరూ తిన్నాక, అందరికన్నా ఆఖరున ఆమె. ఎంతమంది వచ్చినా తరగకుండా, చవగ్గా, వేడిగా పెట్టగల చోటు వెనక ఇంకా తినకుండా నిలబడ్డ ఒక మనిషి ఉంటుందని మన పురాణం కోవెన్ కన్నా ముందే కనిపెట్టింది.

ఈ నిలబడ్డ మనిషి వైపు నుంచి రాసిన పుస్తకాలు తక్కువే అయినా ఉన్నాయి. ఏంజెలా హ్వీ ‘టేక్‌అవే’ (2022) అందులో ఒకటి. వేల్స్‌లో ఒక పల్లెలో తల్లిదండ్రులు నడిపిన చైనీస్ టేక్‌అవే దుకాణంలో గల్లా వెనక గడిచిన బాల్యం. బడి నుంచి వచ్చాక ఫోన్లో ఆర్డర్లు రాసుకోవడం, వేపుళ్లు వేయించడం, వచ్చినవాళ్ల జాత్యహంకారపు మాటలు వినడం. శైలిలో మెరుపులేమీ లేవు, కొన్ని అధ్యాయాలు సాగదీసినట్టూ ఉంటాయి. అయినా గోల్డ్ పక్కన పెట్టి చదవాలి దీన్ని, ఎందుకంటే ఇక్కడ ‘మీరు’ అద్దానికి అవతల నిలబడి, తొందర పెడుతూ, చిల్లర లెక్కపెట్టుకుంటూ కనిపిస్తారు. డయానా అబూ జాబర్ నవల ‘క్రెసెంట్’ (2003) నాకు భాషగా ఎక్కువ ఇష్టం. లాస్ ఏంజెలస్‌లో ఒక చిన్న అరబ్ కెఫేలో వంట చేసే సిరీన్, ఇంటి బెంగతో వచ్చి తినే విద్యార్థులు, వంటగదిలో మెక్సికన్ పనివాడు. కానీ ఆ నవలలో వంట మెల్లమెల్లగా ప్రేమకి ప్రతీకగా మారిపోతుంది, నెలాఖరున సిరీన్‌కి ఎంత వస్తుందో నాకు చివరిదాకా తెలియలేదు. వంటని ప్రతీక చెయ్యడం మన కథల్లోనూ ఉన్న జబ్బే. విమల ‘వంటిల్లు’ కవిత మనలో అంతమందిని కుదిపిందంటే ఒక కారణం అది వంటింటికి పూలదండ వెయ్యకపోవడం.

ఈ శివార్లలో తిరుగుతుంటే ఒక దేశపు వంటగది ఇంకో దేశపు వంటగదిని విప్పి చూపిస్తుంది. ఆనన్‌డేల్ కొరియన్ల ఊరు. అక్కడ వడ్డించే నడివయసు స్త్రీని ‘ఇమో’ అని పిలుస్తారు. అంటే అమ్మ తోబుట్టువు, మన పిన్నో పెద్దమ్మో. మన మెస్సుల్లో ‘అక్కా, సాంబారు’ అని కేకేసినట్టే. వరస కలిపి పిలిస్తే ఇల్లు గుర్తొస్తుంది, రెండో గిన్నె కూర డబ్బులడగరన్న ధీమా కూడా వస్తుంది. కొరియాలో 2010ల మొదట్లో ఒక స్త్రీల సంఘం ఈ పిలుపు మీద చర్చ లేవదీసి, తిండి చోట్ల పనిచేసే స్త్రీలకి ‘చరిమ్సా’ అనే వృత్తి పేరు ప్రతిపాదించింది. భోజనం అమర్చి పెట్టే మనిషి అని దాని భావం. ఆ పేరు జనం నోట అంతగా నిలిచినట్టు లేదు. అయినా ఆ ప్రయత్నం నాకు ఎంతో నచ్చింది. ‘వంటమనిషి’ అనే మన మాటలో మనిషి ఉంది గానీ వృత్తి లేదు.

ఇథియోపియన్ల ఇంజెరా మన అట్టుకి దూరపు చుట్టం. టెఫ్ అనే చిరుగింజ పిండిని రోజుల తరబడి పులియబెట్టి పెద్ద పెనం మీద పలచగా పోస్తారు. ఒకే పళ్లెంలో అందరూ చేత్తో తింటారు, ఆప్యాయంగా పక్కవాళ్ల నోట్లో ముద్ద పెడతారు, దాన్ని గుర్షా అంటారు. గోరుముద్దల నేల నుంచి వచ్చినదాన్ని, మొదటిసారి చూసినప్పుడు కళ్లు చెమర్చాయి. సాల్వడార్‌వాళ్ల పుపూసా మొక్కజొన్న పిండిలో చిక్కుళ్లో జున్నో కూరి చేత్తో తట్టే రొట్టె. ఆ తట్టే చేతులు నేను చూసినంతవరకు ఆడవాళ్లవే. వాషింగ్టన్ చుట్టుపక్కలకి వలస వచ్చినవాళ్లలో సాల్వడోరన్లు చాలా పెద్ద సమూహం. వాళ్లు సొంత దుకాణాల్లోనే కాదు, అందరి వంటగదుల్లోనూ ఉన్నారు.

మన వంటగదుల్లో కూడా. హెర్న్‌డన్, షాంటిలీ, ఆష్‌బర్న్ వైపు తెలుగు రెస్టారెంట్లకి ఇప్పుడు లోటు లేదు. బోర్డు మీద గోదావరి ఉంటుంది, రాయలసీమ ఉంటుంది, పండగకి అరిటాకు భోజనం ఉంటుంది. ‘అమ్మ చేతి వంట’ అన్న మాట ఏదో ఒక గోడ మీద తప్పకుండా ఉంటుంది. ఒకచోట నాకు వేడివేడిగా పెసరట్టు పోసింది సాల్వడార్ నుంచి వచ్చిన ఒకామె. ‘ఉప్మా’ అన్న మాట ఆమె నోట నా కన్నా స్పష్టంగా ఉంది. అట్టు అంచు ఎర్రగా కాలి, నడుమ మెత్తగా, సరిగ్గా రావలసినట్టు వచ్చింది. బల్ల దగ్గర మావాళ్లు మాత్రం ‘అసలైన గుంటూరు రుచి’ అని మెచ్చుకున్నారు. మెచ్చుకోలు ఎవరికి వెళ్లింది? గోడ మీది అమ్మకి. అమ్మ అనే మాట ‘కుటుంబం’ అనే మాటకన్నా ఇంకా దట్టమైన తెర. పైగా ఆ అమ్మ ఏ కులపు అమ్మో మెనూ చూస్తే చాలు. గోదావరి, గుంటూరు పేర్లు పెట్టుకున్న చోట్ల మాల మాదిగ ఇళ్ల వంట ఏదీ నా కంటపడలేదు. వర్జీనియాలో గొడ్డు మాంసం దొరకని బజారు లేదు, అయినా మన ‘అసలైన’ జాబితాలో దానికి చోటు లేదు. తెల్లవాళ్ల యావ గురించి హెల్డ్‌కీ చెప్పిన ‘అసలుతనం’ మన దగ్గర ఈ పని కూడా చేస్తుంది.

రెస్టారెంటు మెట్టు కూడా ఎక్కలేని వంట ఇంకోటి ఉంది. ఈ శివార్లలోని తెలుగిళ్లలో పుట్టినరోజులకి, వ్రతాలకి ట్రేలు తెప్పించుకుంటారు. పులిహోర, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి. చేసేది ఏదో ఒక ఇంట్లో ఒక ఆడమనిషి. హైదరాబాదు శివార్లలో అయితే ఇలాంటి ఆవిడ సందు మొదట్లో కర్రీ పాయింట్ పెట్టుకుంటుంది, బోర్డు కడుతుంది, పక్కింటివాళ్లతో పోట్లాడుతుంది. ఇక్కడ చాలామంది భర్త వీసా మీద ఆధారపడి వచ్చినవాళ్లు. ఆధారిత వీసా మీదున్న భార్యలకి, అదీ గ్రీన్‌కార్డు దారిలో కొంత దూరం వచ్చినవాళ్లకి మాత్రమే, పని అనుమతి 2015లో మొదలైంది. అలా అనుమతి పొందినవాళ్లలో అత్యధికులు భారతీయ స్త్రీలే. మిగిలినవాళ్లకి వంట చెయ్యడం నేరం కాదు, దానికి డబ్బు తీసుకోవడమే చిక్కు. అంటే చట్టం వాళ్లని కూడా ద్రౌపదులుగా ఉండమంటుంది. డొక్కా సీతమ్మగారి పేరు వినగానే మనకి కలిగే గౌరవం నాకూ ఉంది. కానీ అన్నపూర్ణ అన్న బిరుదులో డబ్బు అడగకపోవడం అనే షరతు ఎంత ఉందో చూసుకోవాలి.

ఇప్పుడు మళ్లీ ఆ నవ్వే ఆడవాళ్ల దగ్గరికి. వాళ్ల పక్షాన మాట్లాడాలని ఉంది నాకు, ఎందుకంటే వాళ్లలో నేనూ ఉన్నాను. పనికి అనుమతి లేని రోజుల్లో, మూడు పూటలా పొయ్యి ముందు నిలబడ్డాక, శుక్రవారం సాయంత్రం నలుగురు ఆడవాళ్లం ఈడెన్ సెంటర్‌లో పన్నెండు డాలర్ల గిన్నెలు ముందు పెట్టుకుని గట్టిగా నవ్వుకున్న రోజులు నాకు చాలా విలువైనవి. చవగ్గా ఉండబట్టే వెళ్లగలిగాం. భర్తల్ని అడక్కుండా, ఇంటి ఖర్చులో మిగిలిన దానితో. వండేవాళ్లకి సరైన కూలీ కట్టి ఆ గిన్నె ఇరవై రెండు డాలర్లు అయితే మేం నలుగురం వెళ్లగలిగేవాళ్లం కాదు. టిప్పుల మీద బతికే పనివాళ్లకి యజమాని చేతి నుంచి ఇవ్వాల్సిన సమాఖ్య కనీస వేతనం 1991 నుంచీ గంటకి 2 డాలర్ల 13 సెంట్లే. ఆ గిన్నె ధరలో అది ఉంది. ఒక ఆడమనిషి తీరిక ఇంకో ఆడమనిషి తీరిక లేకపోవడం మీద నిలబడడం గురించి మనం పనిమనుషుల సందర్భంలో చాలా మాట్లాడుకున్నాం. తిండి బల్ల దగ్గర అంతగా మాట్లాడుకోలేదు. ‘తినడం మానేద్దాం’ అంటే ఉమా నారాయణ్ చెప్పినట్టు ముందు మూతపడేది ఆ దుకాణమే. ‘ఎక్కువ టిప్పు ఇద్దాం’ అన్నది మంచి అలవాటు, అంతకన్నా ఏమీ కాదు.

ట్రేలు చేసే ఒకావిడతో ఈ మధ్య ఈ విషయాలు మాట్లాడాను. ఊరు, పేరు చెప్పను. అక్కా అని పిలుస్తాను ఆమెని, ఇమో గురించి ఇంత రాశాక కూడా. తెలుగులో మన స్త్రీలు ఈ వంట గురించి ఎందుకు రాయట్లేదని నేనంటే ఆమె, “రాసే తీరికుంటే ఇంకో ట్రే ఒప్పుకుంటాం కదమ్మా” అంది. పెద్ద ట్రే పులిహోరకి నలభై డాలర్లు తీసుకుంటుంది. చింతపండు నానబెట్టడం నుంచి మొదలుపెట్టి, ఆఖరికి పెద్ద గిన్నెలు తోమి బోర్లించడందాకా ఎన్ని గంటలు పడుతుందో అడుగుతూ, సరుకుల ఖర్చు ఒక పక్క రాస్తూ కాగితం మీద లెక్క వెయ్యబోయాను. గంటలు చెప్పింది. బియ్యం, నూనె, జీడిపప్పు ధరలు చెప్పింది. కరెంటు, గ్యాసు దగ్గరికి వచ్చేసరికి గరాజు తలుపు చప్పుడైంది. “అది లోపల పెట్టెయ్, ఆయన ముందు వద్దు” అని లేచి, పొయ్యి మీద టీ గిన్నె పెట్టింది.